తక్కువ చెప్పిన స్నేహితుడా, ఎక్కువ చెప్పిన కొత్తవాళ్లా: గుద్దుకున్న కారును ఎవరికి అప్పగించాలి?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరానికి ఇది సమాధానం. ఉత్తరం పెద్దది కాబట్టి దాని సారం మాత్రం ముందుగా ఇస్తున్నాను.

ఏడాదిన్నర కిందట ఆమె కారు ముందు ఎడమ ఫెండరు గోడకు రాసుకుని నొక్కుకుపోయింది. భర్త చిన్ననాటి స్నేహితుడికి సొంత టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది కనుక కారును అక్కడికే పంపారు. తెచ్చుకున్న రోజు అద్దంలా మెరిసింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి చక్రం మీది వంపు దగ్గర రంగు బొబ్బలెక్కింది. ఎండలో నిలబెడితే ఆ ఫెండరు ఒక ఛాయలో, పక్కనున్న డోరు మరో ఛాయలో కనిపిస్తున్నాయి. మొహమాటం కొద్దీ ఆ సంగతి ఆ స్నేహితుడికి ఇంతవరకు చెప్పలేదు. పోయిన నెల ఒక కూడలిలో ఆగి ఉండగా వెనక నుంచి వచ్చిన వ్యాను కారు ఎడమ మూలను గుద్దింది. వెనక డోరు సొట్టపడింది, దాని తర్వాత వెనక చక్రం మీద ఉండే రేకు, అంటే క్వార్టర్ ప్యానెల్, లోపలికి పోయింది, బంపరు ఒకవైపు క్లిప్పులు ఊడి వేలాడుతోంది. డిక్కీ మూత రెండుసార్లు గట్టిగా వేస్తే గాని పడటం లేదు. వాన పడిన మర్నాడు డిక్కీలో కార్పెట్ చెమ్మగా ఉంది. పక్కనుంచి వచ్చే వాహనాలను హెచ్చరించే ఏర్పాటు పనిచేయడం లేదని డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతోంది.

మూడు చోట్ల అడిగారు. స్నేహితుడు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, అందరికంటే తక్కువ మొత్తం చెప్పి, "మన మధ్య కాగితాలెందుకు, రేకు బయటికి లాగి నున్నగా చేసి రెండు రోజుల్లో ఇచ్చేస్తాను" అన్నారు. బీమా కంపెనీ సూచించిన షాపు వెంటనే కాగితం మీద ఎస్టిమేట్ ఇచ్చింది, వారం పడుతుందని చెప్పింది, కొన్ని భాగాలు కారు కంపెనీవి కాకుండా వేరే తయారీవి వేస్తామంది. మూడో షాపు అందరికంటే ఎక్కువ చెప్పడమే కాక, బంపరు, లోపలి అట్టలు విప్పి చూశాకే అసలు లెక్క చెప్పగలమనీ, విప్పి చూడటానికి విడిగా కొంత తీసుకుంటామనీ చెప్పింది. భర్త స్నేహితుడి వైపే ఉన్నారు. వేరే చోటికి తీసుకెళ్తే స్నేహితుడిని అవమానించినట్టేనని భర్త వాదన. ఆమె వారానికి మూడుసార్లు తల్లిని ఫిజియోథెరపీకి ఇదే కారులో తీసుకెళ్లాలి. "నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. తెలియదని గ్రహిస్తే ఎవరైనా మోసం చేస్తారేమోనని భయంగా ఉంది" అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాడీ షాపులో ఎస్టిమేట్లు రాసే బల్ల దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి కనుక మీ భయం నాకు కొత్త కాదు. మీకు కార్ల గురించి ఏమీ తెలియదన్న మాట మాత్రం ఒప్పుకోను. డిక్కీ మూత పడకపోవడం, కార్పెట్ చెమ్మ, ఆ దీపం, ఈ మూడింటినీ గమనించి రాశారు. మీ కారు చుట్టూ తిరిగి చూసిన మనిషి ఈ మూడింటిలో ఒక్కదాని గురించీ మాట్లాడినట్టు మీ ఉత్తరంలో లేదు.

ముందుగా ఒక హెచ్చరిక. డిక్కీ మూత సరిగా మూసుకోని పెట్రోలు లేదా డీజిలు కారు నడుస్తున్నప్పుడు సైలెన్సరు పొగ ఆ సందులోంచి లోపలికి రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, తలనొప్పి, మగత వచ్చేదాకా తెలియదు. మీ అమ్మగారిని తీసుకెళ్లడానికి మరమ్మతు అయ్యేదాకా వేరే వాహనం చూసుకోండి. మీ పాలసీలో గాని, గుద్దిన వ్యాను తాలూకు బీమాలో గాని ప్రత్యామ్నాయ వాహనం ఖర్చు ఇచ్చే అవకాశం ఉందేమో కనుక్కోండి. ఈ ఒక్క పని వల్ల "రెండు రోజుల్లో ఇచ్చేస్తాను" అన్న మాటకు మీ మీద ఉన్న పట్టు సగం తగ్గుతుంది. తొందరలో ఉన్న మనిషికి తక్కువ రోజులు చెప్పినవాడే మంచివాడిగా కనిపిస్తాడు.

ఇక మూడు ఎస్టిమేట్ల సంగతి. ఒకే దెబ్బకు ముగ్గురు మూడు లెక్కలు చెప్పారంటే ఇద్దరు అబద్ధమాడుతున్నారని మీరు అనుకుంటున్నట్టుంది. సాధారణంగా జరిగేది వేరు. ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు లెక్క కట్టారు. ఒకరు కంటికి కనిపించే సొట్టకు, ఒకరు బయటి నుంచి ఊహించగలిగిన భాగాలకు, ఒకరు ఇంకా చూడని దెబ్బకు. ఇప్పటి కార్లలో చాలావాటికి విడిగా చట్రం ఉండదు. నేల, స్తంభాలు, కప్పు, పక్క రేకులు కలిపి వెల్డింగ్ చేసిన పెట్టె లాంటి శరీరమే చట్రం పని కూడా చేస్తుంది. ముందు, వెనక భాగాలు గుద్దుకున్నప్పుడు ఒక క్రమంలో నలిగి, ఆ తాకిడిని తాము తీసుకుని, మనుషులు కూర్చునే చోటును కాపాడేలా తయారుచేస్తారు. మీ కారు వెనక మూలకు తగిలిన దెబ్బ బంపరు తొడుగు వెనకున్న ఫోము దిమ్మెను, దాని వెనకున్న ఉక్కు కడ్డీని, డిక్కీ నేలను ఎంతవరకు కదిపిందో బయట నిలబడి ఎవరూ చెప్పలేరు. డిక్కీ నోరు చదరం తప్పింది కనుకనే మూత పడటం లేదని, ఏదో ఒక అతుకు విడింది కనుకనే నీళ్లు దిగుతున్నాయని నా అనుమానం. విప్పి చూస్తే గాని అది నిజమో కాదో తేలదు. కాబట్టి విప్పి చూశాకే చెబుతామన్న షాపును ఆ మాట కోసం అనుమానించకండి. నేను ఎస్టిమేట్లు రాసిన రోజుల్లో ఇలాంటి దెబ్బకు మొదటి కాగితం మీద వేసిన మొత్తం చివరిదాకా నిలిచిన సందర్భాలు చాలా తక్కువ.

స్నేహితుడి మాటలో కూడా న్యాయం ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. ముందు ఫెండరు బోల్టులతో బిగించేది, విప్పి మార్చవచ్చు. క్వార్టర్ ప్యానెల్ అలా కాదు, శరీరానికి వెల్డింగ్ చేసి ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఫ్యాక్టరీ వెల్డింగులను కోసి, కొత్త రేకు అతికించి, లోపలి వైపు తుప్పు పట్టకుండా మళ్లీ మైనం పూత పోయాలి. రేకు మడత పడకుండా, సాగిపోకుండా కేవలం నొక్కుకుని ఉంటే కోయడం కంటే లాగి సరిచేయడమే మేలని మంచి పనివాళ్లు కూడా చెబుతారు. ఆయన చెప్పిన పద్ధతి తప్పు అనలేం. వెనక ఏముందో చూడకుండా, ఏమీ రాసివ్వకుండా చెప్పడమే నాకు మింగుడుపడని విషయం.

మీ పాత ఫెండరు దగ్గర ఏం జరిగి ఉంటుందో చెబితే మిగతాది మీకు తేలిగ్గా అర్థమవుతుంది. సొట్ట లాగాక మిగిలిన చిన్న ఎత్తుపల్లాలను పేస్టుతో నింపి సానపడతారు. అందులో తప్పేమీ లేదు, రెండు మూడు మిల్లీమీటర్ల మందం దాటనంతవరకు అది అందరూ చేసే పనే. కాని ఆ పేస్టులో సుద్దలాంటి పొడి కలిసి ఉంటుంది కాబట్టి అది చెమ్మను పీల్చుకుంటుంది. రేకును పూర్తిగా లాగకుండా మందంగా మెత్తినా, లాగడానికి రేకుకు వేసిన చిల్లులను వెనకవైపు మూయకపోయినా, చక్రం చిమ్మే నీళ్లు వెనక నుంచి పేస్టులోకి ఎక్కుతాయి. కింద తుప్పు మొదలవుతుంది, పైన రంగు బుడగలా లేస్తుంది. మీ బొబ్బలు చక్రం వంపు దగ్గరే మొదలయ్యాయంటే చాలావరకు ఇదే కథ. ఛాయ తేడాకు కారణం వేరు. మెటాలిక్ రంగులో ఉండే లోహపు పొరకలు రంగు చిమ్మే తుపాకీ దూరాన్ని బట్టి, గాలి ఒత్తిడిని బట్టి ఒక్కోలా పడుకుంటాయి. డోరు అంచున రాసి ఉండే రంగు కోడు ప్రకారం కలిపినా, ఎండకు వెలిసిన పాత రంగుతో అది కలవకపోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు ముందు ఒక అట్టముక్క మీద కొట్టి, కారు పక్కన పెట్టి, ఎండలో చూస్తారు. ఆపైన కొత్త రంగును పక్క ప్యానెల్ మీదికి కూడా పలుచగా కలిపేసి, ఆ ప్యానెల్ మొత్తం మీద మెరుపు పూత వేస్తారు. ఎస్టిమేట్‌లో "పక్క డోరుకు రంగు కలపడం" అన్న పద్దు కనిపిస్తే అనవసరమైన ఖర్చు అనుకోకండి.

ఈ రెండు లోపాలూ కారు తెచ్చుకున్న రోజున కనిపించలేదు. బాడీ పని స్వభావమే అంత. బాగా చేసినదీ, కప్పిపుచ్చినదీ మొదటి రోజు ఒకేలా మెరుస్తాయి. కాబట్టి షాపు నమ్మదగినదా అని తేల్చుకోవడానికి యజమాని మాటతీరో, పూర్తయిన కార్ల మెరుపో చాలవు. రంగు కిందకు పోయే పనిని పోకముందే చూపించడానికి, రాసివ్వడానికి ఒప్పుకుంటారా అన్నదే నేను అడిగే ప్రశ్న. ఇతరుల అభిప్రాయాలు విచారించేటప్పుడు కూడా నిన్న కారు తెచ్చుకున్నవారి సంతోషం కంటే రెండేళ్ల కిందట చేయించుకున్నవారి మాటకు విలువ ఇవ్వండి. ఫిర్యాదు వచ్చినప్పుడు షాపు ఎలా స్పందించిందో కనుక్కోండి.

రెండో షాపుకూ మూడో షాపుకూ పగటిపూట స్వయంగా వెళ్లి, సగం పని జరిగిన కారు ఒకటి చూపించమని అడగండి. భద్రతా కారణాలతో లోపలికి రానివ్వని చోట్ల కూడా ఫొటోలు చూపించగలరు. విప్పిన భాగాలు ఏ కారువి ఆ కారు పేరుతో విడిగా పెట్టారా, స్క్రూలు సంచుల్లో కట్టి చీటీలు రాశారా, లేక అన్నీ ఒక మూల కుప్పగా ఉన్నాయా చూడండి. రంగు కొట్టే గది మూసి, దుమ్ము లేకుండా ఉందా చూడండి. రంగు కొట్టే మనిషి ముఖం మీద స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు ఉందా గమనించండి. ఈ రంగులను గట్టిపరిచే ద్రవాల్లో ఉండే ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులను పాడుచేసి ఉబ్బసం తెప్పించగలవు. తన దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసే మనిషి ఊపిరిని పట్టించుకోని యజమాని మీ కారు లోపలి అతుకును పట్టించుకుంటాడని నేను నమ్మలేను.

తర్వాత అడగాల్సినవి అడగండి. ఈ మోడల్‌కు తయారీ కంపెనీ ఇచ్చిన మరమ్మతు పద్ధతిని చూసి చేస్తారా? కారును కొలతల బెంచి (శరీరాన్ని బిగించి కొలిచే చట్రం) మీద పెట్టి కొలతలు తీస్తారా, ముందూ తర్వాతా కొలతల కాగితం ఇస్తారా? ఆ కాగితంలో ప్రతి బిందువు దగ్గరా ఉండాల్సిన కొలత, ఉన్న కొలత పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మీకూ అర్థమవుతుంది. వెలుగుతున్న దీపం గురించి ఏం చేస్తారు? చాలా కార్లలో ఆ హెచ్చరిక ఇచ్చే రాడార్లు వెనక బంపరు మూలల్లో, సరిగ్గా మీకు దెబ్బ తగిలిన చోటే ఉంటాయి. రాడారును బిగించిన క్లిప్పు కొద్దిగా వంగినా అది చూసే దిశ మారిపోతుంది. దాని ఎదురుగా బంపరు మీద పేస్టు, మందపాటి రంగు పడినా అడ్డమవుతుంది కనుక కొన్ని కంపెనీలు ఆ మేరకు బంపరును మరమ్మతు చేయకుండా మార్చమనే చెబుతాయి. "బ్యాటరీ తీసి పెడితే దీపం ఆరిపోతుంది" అన్న జవాబు వస్తే అక్కడి నుంచి వచ్చేయండి. "మా దగ్గర ఆ పరికరం లేదు, ఫలానా చోట చేయించి ఆ రిపోర్టు ఇస్తాం" అన్న జవాబు మంచిదే, నిజాయితీ ఉన్నదే.

బీమా కంపెనీ సూచించిన షాపు విషయంలో మీ పాలసీ కాగితం ఒకసారి చదవండి. వేరే షాపును ఎంచుకునే వీలు ఉందా, ఉంటే మీరు భరించాల్సిన వాటా పెరుగుతుందా అన్నది అందులో ఉంటుంది. అలాంటి షాపులన్నీ నాసిరకం పని చేస్తాయనడం అన్యాయం. అయితే వారికి నెల నెలా పని పంపేది బీమా కంపెనీ, మీరు ఎప్పుడో ఒకసారి వెళ్లేవారు. పని ఎన్ని రోజుల్లో అవ్వాలి, ఏ భాగం వేయాలి అన్న చోట ఆ ఒత్తిడి కనిపిస్తుంది. దీనికి ప్రతిగా ఉండే లాభం ఏమిటంటే, కొన్ని బీమా కంపెనీలు ఆ పనికి తామే హామీ ఉంటాయి. ఆ హామీ ఎంతకాలం, దేనికి అన్నది రాతలో తీసుకుంటే రెండో దారి కూడా మీకు పనికొస్తుంది. వేరే తయారీ భాగాల గురించి నా అభిప్రాయం ఇది: బంపరు తొడుగుకు అవి సరిపోవచ్చు, డోరు మార్చాల్సి వస్తే అదే మోడల్ పాత కారు నుంచి తీసిన అసలు డోరు అంతకంటే బాగా కూర్చోవచ్చు. బంపరు వెనకుండే ఉక్కు కడ్డీ దగ్గర, సీటు బెల్టుల దగ్గర మాత్రం రాజీ పడకండి.

మూడో దారిలో ఖర్చు, సమయం ఎక్కువ. విప్పి చూశాక దెబ్బ చిన్నదే అని తేలితే ఆ విప్పిన రుసుము వృథా అనిపిస్తుంది. అందుకే విప్పకముందే ఆ రుసుము ఎంత, పని వాళ్లకే ఇస్తే అది మొత్తంలో తగ్గిస్తారా, ఇవ్వకపోతే కారును తిరిగి బిగించి ఇస్తారా అని రాయించుకోండి. లోపల కొత్తగా బయటపడిన దెబ్బను ఫొటోలు తీసి, పని మొదలుపెట్టకముందే నష్టం అంచనా వేసే బీమా కంపెనీ సర్వేయరుకు చూపించాలి. ముందు బాగుచేసి తర్వాత అడిగితే ఆ మొత్తం మీ మీదే పడే ప్రమాదం ఉంది. ఈ మూడింటిలో నేనైతే విప్పి చూడటం మాత్రం మూడో షాపులోనే చేయించి, ఆ ఫొటోలూ కొలతలూ చేతిలో పెట్టుకుని, పని ఎవరికి ఇవ్వాలో అప్పుడు నిర్ణయిస్తాను. మీ చేతిలో ఉన్న డబ్బు, మీ పాలసీ షరతులు నాకు తెలియవు కాబట్టి మీరు రెండో దారి ఎంచుకున్నా తప్పుపట్టను.

ఇప్పుడు మీ వారి స్నేహితుడి మాట. ఆయన మంచి మనిషా, ఈ పని ఆయన షెడ్డులో అవుతుందా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మీ ఇంట్లో అవి ఒకటైపోయాయి కనుక ఈ కారు గురించి మీరు ఏమన్నా ఆయన మంచితనాన్ని శంకించినట్టు వినిపిస్తోంది. మరో సంగతి కూడా నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి: పాడైన ఫెండరు గురించి మీరు ఆయనకు చెప్పనే లేదు. తన పనిలో లోపం వచ్చిందని తెలియని మనిషి దాన్ని సరిదిద్దుకునే అవకాశం లేకుండానే మీ నమ్మకం పోగొట్టుకున్నాడు. కారును ఒకసారి ఆయన దగ్గరికి తీసుకెళ్లి, మీ వారి సమక్షంలోనే ఆ బొబ్బలు చూపించండి. "అన్నయ్యా, ఇది ఇలా అయింది, చూసి చెప్పండి" అంటే చాలు, నింద అక్కర్లేదు. ఆయన వంగి చూసి, గోటితో గీకి, "పేస్టు దించి మళ్లీ చేయాల్సిందే, నేను చేసిస్తాను" అన్నారనుకోండి, ఆ ఫెండరు పని ఆయనకే ఇవ్వండి. "మీరు ఎక్కువగా కడుగుతున్నారు, అందుకే ఇలా అయింది" అన్నారనుకోండి, అప్పుడు మీ వారికి మీరు ఏమీ చెప్పాల్సిన అవసరం ఉండదు.

వెనక దెబ్బ గురించి కూడా అక్కడే అడగవచ్చు. కొలతల బెంచి, ఆ రాడారు సరిచేసే ఏర్పాటు తన దగ్గర ఉన్నాయా అని నేరుగా అడిగితే, "ఇది నా షెడ్డులో అయ్యే పని కాదు" అని ఆయనే అనే అవకాశం చాలా ఉంది. పనివాళ్లకు తమ హద్దు తెలుసు, ఎవరైనా మర్యాదగా అడిగితే చెబుతారు. ఆయన అలా అంటే మీ వారి బాధ తీరిపోతుంది, పైగా వేరే చోటి నుంచి కారు తెచ్చుకునే రోజున తోడు రమ్మని పిలవడానికి ఆయనకంటే మంచి మనిషి దొరకడు. కాకపోతే ఆయన నొచ్చుకోవచ్చు కూడా. నొచ్చుకుంటే కొన్నాళ్లు రాకపోకలు తగ్గవచ్చు. ఆ ఇబ్బందినీ, మళ్లీ బొబ్బలెక్కితే లోలోపల మింగుకుంటూ కూర్చునే ఇబ్బందినీ మీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని పోల్చుకోండి. ఇందులో నేను తీర్పు చెప్పలేను.

ఎవరికి ఇచ్చినా, ఇచ్చే ముందు కారును అన్ని వైపులా ఫొటోలు తీయండి. మార్చిన పాత భాగాలను చూపించాలనీ, రంగు వేయకముందు లాగిన రేకు ఫొటోలు ఇవ్వాలనీ, చెప్పినదానికంటే ఖర్చు పెరిగితే ముందుగా మీ సమ్మతి తీసుకోవాలనీ ఎస్టిమేట్ మీదే రాయించండి. తీసుకునే రోజు సాయంత్రం దీపాల వెలుగులో కాకుండా ఎండలో వెళ్లండి. డోరు చుట్టూ, డిక్కీ చుట్టూ సందు రెండువైపులా సమానంగా ఉందా చూడండి. రబ్బరు అంచుల మీద రంగు తుంపర్లు ఉన్నాయా వేలితో తడిమి చూడండి. రంగు మందం కొలిచే చిన్న పరికరం షాపులోనే ఉంటుంది, మీ ముందు పెట్టి చూపించమనండి. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దరిదాపుల్లో ఉంటుంది, మళ్లీ వేసిన చోట అంతకు రెట్టింపు ఉండటం సహజం. వెయ్యి దాటితే కింద పేస్టు మందంగానే ఉందని అర్థం, ఎందుకో అడగండి. ఈ పరికరం లోహపు రేకు మీద మాత్రమే ఆధారపడదగినది, ప్లాస్టిక్ బంపరు మీద దాన్ని పట్టించుకోకండి. కొత్త రంగు మీద మైనం ఎన్నాళ్ల వరకు పూయకూడదో, బ్రష్షులతో కడిగే యంత్రంలోకి ఎప్పటి నుంచి తీసుకెళ్లవచ్చో కూడా అక్కడే తెలుసుకోండి.

డబ్బు మొత్తం చెల్లించే ముందు డిక్కీ మూత ఒక్కసారి మామూలుగా వేసి చూడండి. తర్వాత గొట్టంతో దాని అంచుల వెంబడి పది నిమిషాలు నీళ్లు పోయించి, కార్పెట్ ఎత్తి, స్పేరు టైరు గుంటలో చెయ్యి పెట్టి చూడండి. చేతికి తడి తగిలితే కారు ఆ రోజుకు అక్కడే ఉండాలి.